చందమామ మీద కోట, బీరువాలో కట్ట

1966 చివరికల్లా చంద్రుడి మీద 12 మంది అమెరికా సైనికులు కాపురం పెట్టి ఉండాలి. 10 అడుగుల వ్యాసం, 20 అడుగుల పొడవు ఉండే లోహపు పీపాలను కందకం తవ్వి అందులో దించి, పైన మట్టి కప్పి, వాటిలో వాళ్లు నివసించాలి. కరెంటు కోసం గోతుల్లో పెట్టిన అణు రియాక్టర్లు. సామాను చేరవేయడానికి 149 రాకెట్ ప్రయోగాలు. ఖర్చు 600 కోట్ల డాలర్లు. అమెరికా సైన్యం 1959 జూన్‌లో తయారుచేసిన ‘ప్రాజెక్ట్ హొరైజన్’ నివేదికలోని లెక్కలివి. ఆ నివేదిక నకలు, రెండు సంపుటాలూ స్పైరల్ బైండింగుతో, నరసరావుపేటలో ఒక ఇనప బీరువాలో ఉంది.

బీరువా ఆసామి ఫిజిక్సు చెప్పి రిటైరైన లెక్చరర్. ఆయన చెల్లెల్ని చేసుకున్న గురజాల ఆసామి సర్వే శాఖలో గొలుసు లాగించి, పటాలు గీయించి దిగిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకుంటారు కాబట్టి, ఈ వ్యాసంలో ఒకరు పేట బావ, ఇంకొకరు గురజాల బావ. కలిసినప్పుడల్లా వాళ్లు పోట్లాడుకునేది ఆ బీరువా గురించే.

అందులో ఏముందో ముందు చెప్పాలి. అన్నిటికన్నా పాతది 1946 మే 2 నాటిది. డగ్లస్ విమాన కంపెనీలో ఉన్న ప్రాజెక్ట్ రాండ్ వాళ్లు అమెరికా వైమానిక దళానికి రాసిచ్చిన నివేదిక. భూమి చుట్టూ తిరిగే నౌకను తయారుచేయడం సాధ్యమేనని, అది ఎగిరిన రోజున ప్రపంచం అణుబాంబు పేలినంతగా ఉలిక్కిపడుతుందని స్పుత్నిక్ కంటే 11 ఏళ్ల ముందే అందులో రాశారు. తర్వాత 1961 నాటి ‘లూనెక్స్’. సైన్యం 12 మందిని పంపుతానంటే వైమానిక దళం ఊరుకుంటుందా? 21 మందిని పంపి, చంద్రుడి నేలకింద స్థావరం కడతామంది. ఆపైన 1963 డిసెంబరులో రద్దయిన డైనా-సోర్ అంతరిక్ష విమానం తాలూకు బొమ్మలు, వైమానిక దళం కక్ష్యలో నడపాలనుకున్న ‘మ్యాన్డ్ ఆర్బిటింగ్ ల్యాబొరేటరీ’ కాగితాలు. ఎక్కువ భాగం అమెరికా ప్రభుత్వ సంస్థలు రహస్యం తొలగించి బయటపెట్టిన వాటికి తీసుకున్న ప్రింట్లే. పాత సరుకు వేలాల్లో కొన్న అసలు కాగితాలు కొన్నే.

“జరగని పెళ్లికి అచ్చేసిన శుభలేఖలు గదా బావా ఇవన్నీ!” అంటూ మొదలుపెట్టాడు గురజాల బావ. “హొరైజన్ జరగలా. లూనెక్స్ జరగలా. డైనా-సోర్ ఎగరలా. నేను ముప్పయ్యేళ్లు రికార్డు గదుల్లో తిరిగినోణ్ణి. రికార్డంటే జరిగినదానికి సాక్ష్యం. జరగనిదానికి సాక్ష్యం ఎందుకు?”

“జరగలేదని ఎవరన్నారు? చేతులు మారింది,” అన్నాడు పేట బావ. “హొరైజన్ లెక్కలేసింది రాకెట్ శాస్త్రవేత్త వాన్ బ్రౌన్ మనుషులు. 1960లో ఆ బృందం సైన్యం నుంచి నాసాకి మారింది. ఆ నివేదిక నమ్ముకున్న శాటర్న్ రాకెట్ల వంశంలోంచే 1969లో మనుషుల్ని చంద్రుడి మీదికి చేర్చింది వచ్చింది. సైనికులకు బదులు వ్యోమగాములు వెళ్లారు, కందకాల్లో కాపురానికి బదులు జెండా పాతి వచ్చారు. ఈ మార్పు ఎక్కడ జరిగిందో అపోలో పుస్తకాలు చదివితే తెలియదు. దీన్ని పక్కన పెట్టుకుని చదవాలి. ఇంకో సంగతి. ఆ 12 మందీ అక్కడుండాల్సిన గడువు 1966. ఆ గడువు దాటిన మరుసటి నెలలోనే, 1967 జనవరి 27న, చంద్రుడి మీద సైనిక స్థావరాలు కట్టకూడదన్న ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. ఎందుకు అట్టాంటి నిబంధన రాయాల్సి వచ్చిందో ఈ పీపాల లెక్క చూస్తే అర్థమవుతుంది.”

గురజాల బావ పీపాల బొమ్మను కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. కొలతలు రాసిన పద్ధతి ఆయనకు నచ్చింది గానీ ఆ మాట పైకి అనలేదు.

“బొమ్మలు బాగానే గీశారు. అసలు నాకు చిరాకు అక్కడే,” అన్నాడు. “రంగురంగుల నౌకలు, నున్నటి మనుషులు. ఎక్కడా నెత్తురు కనపడదు. యుద్ధానికి వేసిన ప్లానును నువ్వు బీరువాలో పెట్టుకుని మురుస్తున్నావు.”

ఈ ఆరోపణ పేట బావకు కొత్త కాదు. దానికి ఆయన దగ్గరున్న జవాబు బొమ్మల్లేని ఒక నివేదిక. 1958–59లో అమెరికా వైమానిక దళం చంద్రుడి మీద అణుబాంబు పేలిస్తే ఎట్టా ఉంటుందో లెక్కలు కట్టించింది. ‘ఎ119’ అని పేరు. లియొనార్డ్ రైఫెల్ నడిపించిన ఆ అధ్యయనంలో, పేలుడు ధూళి మేఘం భూమ్మీదికి ఎట్టా కనపడుతుందో లెక్కించే పని ఒక కుర్ర శాస్త్రవేత్తకు అప్పగించారు. ఆయన పేరు కార్ల్ సేగన్. తర్వాతి కాలంలో టీవీలో నక్షత్రాల గురించి చెప్పి ప్రపంచమంతా మెప్పు పొందిన ఆ సేగనే. ఈ పని గురించి లోకానికి ఎట్టా తెలిసిందంటే, 1959లో ఆయన ఒక ఫెలోషిప్ దరఖాస్తులో తాను చేసిన పనుల జాబితా రాస్తూ ఈ రహస్య నివేదికల పేర్లు కూడా రాసేశాడు. 40 ఏళ్ల తర్వాత జీవితచరిత్ర రాసే రచయిత ఒకరి కంట్లో ఆ దరఖాస్తు పడింది. అప్పటికి ఆ నివేదికల్లో చాలావాటిని ధ్వంసం చేసేశారు.

“చూశావా బావా,” అన్నాడు పేట బావ. “తాళం వేసిన కాగితాలు పోయాయి. ఎవరో పారేయకుండా ఉంచిన దరఖాస్తు మిగిలింది. దాచిపెట్టేవాడు లేకపోతే ఈ పిచ్చిపని సంగతి నీకు, నాకు తెలిసేదా? మురవడానికి కాదు దాచేది.”

గురజాల బావ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాదం దిశ మార్చాడు. ఈసారి ఆయన పట్టుకున్నది తన వృత్తి తాలూకు పట్టు.

“సరే, ఎవరు వదిలారు వీటిని? ల్యాబొరేటరీ కాగితాలే తీసుకో.” ఆ పథకాన్ని 1963లో ప్రకటించారు, 1969 జూన్ 10న రద్దుచేశారు, 150 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. మనుషులున్న ప్రయోగశాల అని బయట చెప్పారు. లోపల పెట్టదలచుకున్నది సోవియట్ భూభాగాన్ని ఫొటోలు తీసే పెద్ద కెమెరా. దాని కాగితాలు, ఫొటోలు దాదాపు 20,000 పుటలు 2015లో గూఢచార ఉపగ్రహాల సంస్థ ఎన్‌ఆర్‌ఓ విడుదల చేసింది. “46 ఏళ్లు ఆగి, నల్లసిరా పూసి, ఇక వాళ్లకు నష్టం లేదనుకున్నది మాత్రం వదిలారు. మా ఆఫీసులో నకలు ఇస్తే కింద సంతకం, ముద్ర, తేదీ ఉంటాయి. పుట కొట్టేస్తే ఎవరు కొట్టేశారో ఉంటుంది. ఇక్కడ సగం పుట నలుపు. ఆ నలుపు కింద ఏముందో తెలియకుండా మిగతా సగాన్ని చరిత్ర అంటే నేనొప్పుకోను. వాళ్లు వడ్డించింది నువ్వు తింటున్నావు, అంతే.”

“ఆ నలుపుకు కూడా అంచున నిబంధన సంఖ్య వేస్తారు బావా, ఏ కారణంతో దాచారో తెలిసేట్టు,” అన్నాడు పేట బావ. కానీ గొంతులో మునుపటి ధీమా లేదు. ఇక్కడ గురజాల బావదే పైచేయి అని చెప్పక తప్పదు. ప్రభుత్వం విడుదల చేసిన కాగితాలనే సేకరిస్తే ప్రభుత్వం ఏరిన చరిత్రే చేతికొస్తుంది. అయితే పేట బావకు ఇంకో కథ గుర్తొచ్చింది. 2005లో కేప్ కెనవరాల్‌లో పాత ప్రయోగ కేంద్రాన్ని మ్యూజియంగా మార్చిన చోట, ఇద్దరు భద్రతా ఉద్యోగులకు తాళంచెవి లేని ఒక గది కనపడింది. మాస్టర్ తాళంచెవితో తెరిస్తే లోపల రెండు నీలిరంగు అంతరిక్ష దుస్తులు. ఒకదాని మీద ‘008’ అంకె, ‘లాయర్’ అన్న ఇంటిపేరు. ల్యాబొరేటరీకి ఎంపికై ఎప్పుడూ అంతరిక్షంలోకి ఎగరని రిచర్డ్ లాయర్‌ది అది. ఆ దుస్తులు ఏ ప్రభుత్వమూ విడుదల చేసినవి కావు, మరిచిపోయినవి. “ఏరడానికి కూడా గుర్తుండాలి గదా,” అని నవ్వాడు పేట బావ.

అసలు గొడవ కొరోనా దగ్గర ముదిరింది. రోగం కాదు, ఉపగ్రహం. 1960 ఆగస్టులో మొదటిసారి ఫలించి, 1972 మే దాకా నడిచిన అమెరికా గూఢచార కెమెరా పథకం. బయటికి మాత్రం ‘డిస్కవరర్’ అన్న శాస్త్రీయ కార్యక్రమమని చెప్పారు. ఆ రోజుల్లో ఆకాశం నుంచి అంత వివరమైన బొమ్మను రేడియో ద్వారా పంపడం కుదిరేది కాదు. ఫిల్ము చుట్ట మొత్తాన్ని ఒక డబ్బాలో పెట్టి భూమ్మీదికి వదిలితే, పారాచూట్ మీద దిగుతున్నదాన్ని విమానం గాల్లోనే కొక్కెంతో పట్టుకునేది. మొదటి డబ్బాలో వచ్చిన ఫిల్ము, అప్పటిదాకా యూ-2 గూఢచార విమానాలన్నీ కలిసి చూసిన దానికన్నా ఎక్కువ సోవియట్ నేలను చూపింది. ప్రతి డబ్బా చేతికి చిక్కిందనుకోకండి. 1964లో ఒకటి దారితప్పి వెనిజులా పొలాల్లో పడితే అక్కడి కూలీలకు దొరికింది.

“అది ఎక్కడ బాంబులు వెయ్యాలో గుర్తులు పెట్టుకోవడానికి తీసిన ఫొటో గదా?” అన్నాడు గురజాల బావ.

“అవును. కాదనను. కానీ అదే ఫొటో 1961లో ఇంకో పని కూడా చేసింది. సోవియట్ దగ్గర ఖండాంతర క్షిపణులు గుట్టలుగుట్టలుగా ఉన్నాయని అమెరికా భయపడుతుండేది. ఈ బొమ్మలు చూశాక ఆ ఏడాది సెప్టెంబరులో లెక్క 10 నుంచి 25 దాకా దిగింది. భయం తగ్గించిన గూఢచర్యం అది.”

“భయం తగ్గితే బాంబులు తగ్గాయా?”

తగ్గలేదు. పేట బావ ఆ ప్రశ్నను దాటేసి, తనకు బలమున్న చోటికి వెళ్లాడు. 1995 ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వుతో ఆ పథకం తాలూకు 8,60,000కు పైగా చిత్రాలు బయటికొచ్చాయి. వాటిని ముందు పట్టుకున్నవాళ్లు సైనికులు కాదు, పురావస్తువాళ్లు. ఆనకట్టలు, ట్రాక్టర్లు, పెరిగిన పట్నాలు నేల రూపం మార్చకముందు తీసిన బొమ్మలు గదా. సిరియా, ఇరాక్ ఎడారుల్లో రోమన్ కోటలు 116 ఉన్నాయని, అవి తూర్పు సరిహద్దు వెంబడి కావలి గోడలా వరసగా ఉన్నాయని 1934లో ప్వాదెబార్ అనే ఫ్రెంచి పరిశోధకుడు విమానంలో తిరిగి చెప్పాడు. 2023లో డార్ట్‌మత్ కళాశాల బృందం కొరోనా, దాని తర్వాతి గూఢచార ఉపగ్రహం హెక్సాగన్ తీసిన చిత్రాలు జల్లెడపట్టి ఇంకో 396 కోటలు గుర్తించింది. అవి సరిహద్దు గీత మీద లేవు. తూర్పు పడమరలుగా, వర్తకపు దారుల తీరున పరుచుకుని ఉన్నాయి. రోమన్లు గోడ కట్టుకుని కూర్చున్నారన్న పాత సిద్ధాంతానికి బీటలు పడ్డాయి.

“మాస్కో క్షిపణుల కోసం వేసిన కెమెరాకు రోమన్ కోట దొరికింది. కాగితం ఎందుకు పుట్టిందో దానికే పనికొస్తుందనుకుంటే ఎట్టా బావా? ఇప్పుడు మన లోయ సంగతికి రా.”

మన లోయ అంటే నాగార్జునకొండ. ఆ మాట వినగానే గురజాల బావ సర్దుకుని కూర్చున్నాడు. ఆ లోయలో రాతిస్తంభం ఉందని 1926లో మద్రాసు ప్రభుత్వానికి కబురు పంపింది సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు. తర్వాత పురావస్తు శాఖ నుంచి లాంగ్‌హర్స్ట్ వచ్చి తవ్వాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేశాడు. మునిగిపోయేలోగా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా లోయనంతా తవ్వి, కొన్ని కట్టడాలను కొండమీదికీ, కొన్నిటిని అనుపుకీ తరలించారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఇప్పుడు మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్లి లాంచీ ఎక్కితే కనపడేది కొండ నెత్తి మాత్రమే. ఇక్ష్వాకుల రాజధాని నీళ్లకింద ఉంది.

“1960లో తవ్వకాలు ఆగాయి. 1967లో నీళ్లు వదిలారు. మధ్య ఏడేళ్లూ కొరోనా నెత్తిమీద తిరుగుతూనే ఉంది,” అన్నాడు పేట బావ. “1963 తర్వాతి కెమెరాకి దాదాపు 9 అడుగుల వస్తువు ఆనుతుంది. స్తంభం ఆనదు. స్నానఘట్టం, కోటగోడ, బాట ఆనతాయి. కట్ట లేస్తుంటే లోయలో పొలాలు ఎట్టా ఉన్నాయి, ఏ ఊరు ఎప్పుడు ఖాళీ అయింది, అన్నీ ఆనతాయి. మబ్బు లేని ఫ్రేము పట్టుకోవడమే పని. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థకు 30 డాలర్లు కడితే ఆ ఫ్రేమును స్కాన్ చేసి ఇస్తుంది. ఒకసారి ఎవరు కట్టినా చాలు, ఆ తర్వాత ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.”

గురజాల బావ వెంటనే ఒప్పుకోలేదు. లోయ బొమ్మ ఒక పక్క లాగుతోంది, ఇంకేదో ఒక పక్క గుచ్చుతోంది.

“మనల్ని అడిగి తీశారా బావా ఆ ఫొటో? మేం మైలుకు 16 అంగుళాల గ్రామపటం గీయడానికి గట్టుగట్టుకూ గొలుసు లాగాం. రైతు దగ్గర నిలబడి, హద్దురాయి చూపించి, పక్క రైతును పిలిచి గీశాం. మన దేశంలో పైనుంచి తీసిన ఫొటో ఒకటి కావాలంటే రక్షణ శాఖ అనుమతి కావాలి, దేశభద్రత అనేవాళ్లు. 2021 ఫిబ్రవరిలో గదా నిబంధనలు సడలించింది! మన పొలం బొమ్మ మనకివ్వని రోజుల్లో ఎవడో నెత్తిమీద నించి తీసుకుపోయాడు. ఇప్పుడు 30 డాలర్లకు మనకే అమ్ముతాడు. నువ్వు దాన్ని వరం అంటున్నావు.”

“వరమని ఎక్కడన్నాను? దొంగ పట్టుకుపోయినా, ఆ సొత్తులో మన తాతల ఇంటి బొమ్మ ఉంటే తెచ్చుకోనా?”

“తెచ్చుకో. కానీ తెచ్చుకునేటప్పుడు, దొంగ చేతిలోంచి వచ్చిందని కాగితం మీద రాసి పెట్టు.”

ఇద్దరి మధ్య నిజమైన తేడా ఇక్కడే తేలింది. పేట బావకు కాగితంలో ఏముందన్నది ముఖ్యం. గురజాల బావకు అది ఏ దారిన వచ్చిందన్నది ముఖ్యం. సేకరించేవాళ్లు సాధారణంగా మొదటిదానికే లొంగుతారు. ఆ బీరువా కూడా అంతే. ఏ నివేదిక ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే చీటీ ఒక్కదానికీ లేదు. ప్రింట్లు, అసళ్లు కలగలిసి ఉన్నాయి.

“ఇంకో మాట,” అన్నాడు గురజాల బావ. “ఇన్ని కట్టలున్నాయి. మన దేశానిది ఒక్కటైనా ఉందా? హైదరాబాదులో రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ వాళ్లు 1970ల్లో రష్యా క్షిపణిని విప్పి చూసి నకలు తయారుచెయ్యబోయారు గదా, ప్రాజెక్ట్ డెవిల్. ఏదీ?”

లేదు. పేట బావకు అది బాధే. శ్రీహరికోట నుంచి 1980 జులై 18న ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 మొదటి అంచె మోటారే, 1989 మే 22న మొదటిసారి ప్రయోగించిన అగ్నికి కింది అంచె అయింది. మధ్యలో 1982లో కలాం ఇస్రో వదిలి హైదరాబాదు డీఆర్‌డీఎల్‌కు వచ్చారు. పౌర రాకెట్‌కూ సైనిక క్షిపణికీ మధ్య దారి తెలుగు నేల మీదుగానే పోయింది. ఆ దారి గురించి ఆత్మకథల్లో చదువుకోవాల్సిందే, ఫైళ్లు బీరువాల దాకా రావు. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ఉంది. 25 ఏళ్లు దాటినవాటిని జాతీయ అభిలేఖాగారానికి పంపాలన్న విధానాన్ని రక్షణ శాఖ 2021 జూన్‌లో ప్రకటించింది. కానీ సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో డీఆర్‌డీఎల్ మాతృసంస్థ డీఆర్‌డీఓ పేరుంది. అవినీతి, మానవ హక్కుల ఆరోపణలకు సంబంధించినవి తప్ప మరేదీ అడగడానికి వీల్లేదు.

“అందుకే అమెరికావి,” అన్నాడు పేట బావ. “తలుపు తెరిచిన ఇంట్లోకే పోగలం.”

“తెరిచిన తలుపు మన ఇంట్లోనూ ఉంది, నువ్వే చూడలా. రహస్యం కోసం వెతుకుతావు గానీ, బహిరంగంగా పంచిన కాగితం నీ కంటికి ఆనదు. 2019 జనవరి 24న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ44 ఎగిరిందిగా. దానికి ఇస్రో కరపత్రం విడుదల చేసింది. మైక్రోశాట్-ఆర్ అనే ఉపగ్రహం, ఫొటోలు తీసేదన్నారు. అదే రాకెట్‌లో విద్యార్థులు చేసిన కలాంశాట్ కూడా పోయింది. రెండు నెలలు తిరిగాయో లేదో, మార్చి 27న, ఒడిశా తీరంలోని కలాం దీవి నుంచి క్షిపణి ఎగిరి ఒక ఉపగ్రహాన్ని కూల్చింది. మిషన్ శక్తి. ప్రధాని టీవీలో చెప్పారు, ఉపగ్రహం పేరు చెప్పలేదు. అది మైక్రోశాట్-ఆరే. ముక్కలు 45 రోజుల్లో రాలిపోతాయన్నారు, ఏడాది దాటాక కూడా కొన్ని తిరుగుతూనే ఉన్నాయి. నీ కొరోనాకు డిస్కవరర్ అని ముసుగేశారన్నావు. మరి ఈ కరపత్రం ఏంది?”

పేట బావ కాసేపు మాట్లాడలేదు. 1960 నాటి డిస్కవరర్ ప్రచార పత్రం వేలానికొస్తే డాలర్లు పోసి కొనడానికి ఆయన సిద్ధం. సొంత రాష్ట్రం నుంచి ఎగిరిన రాకెట్ కరపత్రాన్ని ప్రింటు తీసి పెట్టుకోవాలని తట్టలేదు. ఆరోజే తీశాడు.

తీశాక కొత్త పేచీ వచ్చింది. గురజాల బావ పట్టుబట్టి బీరువా మొత్తానికి చీటీలు రాయిస్తున్నాడు. అసలా నకలా, ఎవరు విడుదల చేశారు, ఎన్ని పుటలు నలుపు, చేతికి ఏ తేదీన వచ్చింది. అన్నిటికీ గడులు గీశాడు. కరపత్రం వంతు వచ్చేసరికి అర దగ్గర ఆగిపోయారు. సైనిక ప్రణాళికల అరలో పెట్టాలని గురజాల బావ. అందులో సైన్యమన్న మాటే లేదు, విడుదల చేసిన రోజున అది శాస్త్ర పత్రమే, కాబట్టి పౌర ప్రయోగాల అరలో పెట్టి పక్కన మార్చి 27 నాటి పేపరు కత్తిరింపు అతికించాలని పేట బావ.

“అట్టయితే డిస్కవరర్ పత్రం దొరికినా ఆ అరలోనే పెట్టు,” అన్నాడు గురజాల బావ.

“దాని రహస్యం తీసేశారు గదా బావా, 1995లో. దీనిది ఎవరు తీశారు?”

“నువ్వు తీస్తున్నావుగా ఇప్పుడు. చీటీ మీద నీ పేరు రాసి, సంతకం పెట్టు.”